జర జరుగుండ్రి

రాంచందర్ పొద్దున లేవగానే చేసే మొదటి పని నీళ్ళు కాచడం. నీళ్ళు మరిగేలోపు గడ్డం గీసుకునేవాడు, చల్లారేలోపు స్నానం చేసేవాడు, వడకట్టి సీసాలో పోసి మూత బిగించేవాడు. బిగించిన మూతను ఇంకోసారి బిగించేవాడు. తన ఒక్క ప్రాణానికి ఇంత జాగ్రత్త అక్కరలేదని అతనికి తెలుసు. కానీ తాను ఇక్కడ ఒక్కరోజు కాచని నీళ్ళు తాగితే, అక్కడ నిజామాబాద్‌లో అక్క ఇంట్లో ఉన్న పిల్లలకు ఎవరో కాచని నీళ్ళు పోస్తారని లోపల ఎక్కడో ఒక భయం. ఈ రెండింటికీ సంబంధం లేదని కూడా తెలుసు. అయినా కాచేవాడు.

భార్య జబ్బు చేసి పోయి మూడేండ్లయింది. అప్పటికి స్వరూపకు ఆరేండ్లు, పిల్లోడు గోడ పట్టుకుని నడుస్తున్నాడు. రాంచందర్‌ది సర్కారు ఇంజనీరు ఉద్యోగం. పై నుంచి ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పెట్టె సర్దుకోవాలి. తొర్రూరులో కొన్నాళ్ళు, ములుగులో కొన్నాళ్ళు, మధ్యలో ఇంకెక్కడో. ఒక ఊర్లో బడి ఏదో కనుక్కునేలోపు ఇంకో ఊరికి ఆర్డరు వచ్చేది. అందుకే అక్క, "ఒక్కకాడ కుదురుకున్నంక తీస్కపో తమ్మీ, అందాక నా దగ్గరుంటరు" అన్నది. మంచి మాటే. కుదురుకోవడం ఒక్కటే కుదరలేదు.

పోయిన దసరాకు నిజామాబాద్ పోయి తలుపు కొడితే పిల్లోడే వచ్చి తీశాడు. తండ్రిని పైనుంచి కిందికి చూశాడు. లోపలికి తిరిగి, "అత్తమ్మా, ఎవరో వచ్చిండ్రు" అని అరిచాడు.

అక్క నవ్వింది. రాంచందర్ కూడా నవ్వాడు. తిరుగు బస్సులో కామారెడ్డి దాటేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

ఎనభై మూడో సంవత్సరం చలికాలంలో అతనికి వరంగల్లో ఒక పని అప్పగించారు. బట్టల బజార్ వెనుక ఉన్న జంపఖానా మేడను తనిఖీ చేసి, సామూహిక భవనంగా పనికివస్తుందో రాదో రాసివ్వాలి. వస్తుందంటే బాగు చేయించి జనానికి ఇస్తారు. రాదంటే కూలగొట్టి జాగా వేలం వేస్తారు.

పేరుకే మేడ, పైన అంతస్తు లేదు. డంగు సున్నంతో కట్టిన మందపాటి గోడలు, టేకు దూలాలు, పైన గూనపెంకలు, వీధి వైపు ఏనుగు దూరేంత తలుపు. లోపల ఒకటే పొడవాటి హాలు. వెనకటి రోజుల్లో కొత్తవాడ నేతగాళ్ళు తాము నేసిన జంపఖానాలను తెచ్చి, ఇక్కడ పరిచి, సేట్లకు చూపించి అమ్ముకునేవారు. ఆ బేరాలు ఆగిపోయినంక పెండ్లిళ్ళు, పంచాయతీలు, హరికథలు జరిగాయి. ఐదారేండ్ల కింద పెంకలు పగిలి కురవడం మొదలైతే ఆఫీసువాళ్ళు తాళం వేసి, విరిగిన వీధిదీపాల కడ్డీలు పడేసుకున్నారు.

ఆ హాలుకు ఒక గుణం ఉంది. లోపల జనం ఎక్కువై, చోటు చాలక, ఎవరైనా "జర జరుగుండ్రి" అంటే గోడ జరిగేది. ఒక్క ఉదుటున కాదు. బస్సులో కిటికీ పక్కన కూర్చున్న పెద్దమనిషి సంచి ఒళ్ళో పెట్టుకుని, కొంచెం సణుగుతూ పక్కకు జరిగినట్టు, సున్నం పొడి రాలుస్తూ జరిగేది. దాని వెంట దూలాలు, పెంకలు కూడా, పిల్లలు జరిగితే మీది గొంగడి జరిగినట్టు జరిగేవి. జనం వెళ్ళిపోయాక మళ్ళీ తన చోటికి వచ్చేది. పక్క గల్లీలో సైకిలు మీద పోయేవాళ్ళకు ఎన్నడూ అడ్డం కాలేదు.

వెనక ఎప్పుడో ఒక నేతగాడు మరీ పొడుగు జంపఖానా తెస్తే అది గోడకు తగిలి మడత పడిందట. విసుగులో గోడను కూడా మనిషి అనుకుని "జర జరుగు" అన్నాడట. జరిగిందట. వరంగల్లో దీన్ని ఎవరూ వింతగా చెప్పుకునేవారు కాదు. పెండ్లి పిలుపులకు పోయినప్పుడు, "ఎంతమందైనా రాండ్రి, జంపఖానా మేడల పెట్టినం" అనేవారు, అంతే. రాంచందర్ కూడా చిన్నప్పుడు మేనమామ పెండ్లికి ఇక్కడికి వచ్చి, గోడకు ఆనుకుని నిద్రపోయి, గోడ జరిగితే వెల్లకిలా పడ్డాడు.

కనుక గోడ జరుగుతుందా లేదా అన్నది అతని ముందున్న ప్రశ్న కాదు. ఏ కొలత రాయాలి అన్నదే ప్రశ్న.

తాళం మొగిలమ్మ తీసింది. ఆ మేడ ఊడ్చేందుకు ఆఫీసు పెట్టిన మనిషి. తాళం వేసి ఇన్నేండ్లయినా రోజూ వచ్చి అరుగు ఊడ్చి పోయేది.

"ఏం రాస్తవ్ సారూ? కూలగొట్టుమని రాస్తవా?"

"ఇంక చూడనే లేదు కదనమ్మా."

"వచ్చినోళ్ళందరు చూస్తరు. చూసి చాయ తాగి పోతరు. నువ్వు సీసాల నీళ్ళు తెచ్చుకున్నవ్, నువ్వు జర వేరే రకం లెక్కనే ఉన్నవ్."

రాంచందర్ మూడు రోజులు ఆ మేడలోనే ఉన్నాడు. దూలం దూలానికీ నిచ్చెన వేసుకుని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశాడు. రెండింటికి చెదలు పట్టాయి, మిగతావి ఇనుములా ఉన్నాయి. గోడల మీద కర్రతో కొట్టి, డొల్ల మోత వచ్చిన చోటల్లా సుద్దతో గుండ్రంగా గీశాడు. పగుళ్ళ మీద కాగితం పట్టీలు అతికించాడు. పగులు ఇంకా పెరుగుతుంటే కాగితం చినగాలి. మూడో రోజుకు కూడా ఒక్క పట్టీ చినగలేదు.

"గోడకు దెబ్బలు తాకినట్టు పట్టీలు వేసినవేంది సారూ?" అంది మొగిలమ్మ.

"తాకినయో లేదో చూస్తాన."

"అడిగితే అదే చెప్తది గదా."

చివరికి టేపు తీశాడు. రెండో కొస మొగిలమ్మ పట్టుకుంది. కొలిచాడు. ఎప్పటిలాగే ఇంకోసారి కొలిచాడు. సామూహిక భవనం అంటే కనీసం రెండు వందల మంది కింద కూర్చునే చోటు ఉండాలని నిబంధన. ఖాళీ హాలులో వంద మందికి కూడా చోటు లేదు.

"తక్కువ పడ్తాంది" అన్నాడు.

మొగిలమ్మ కొస వదిలేసింది. టేపు జర్రున డబ్బాలోకి పోయింది. "ఇద్దరం నిలవడి తక్కువ పడ్తాందంటే ఎట్ల? దానికేం అవసరమని జరుగుతది?"

మరునాడు సాంబమూర్తి సేటు వచ్చాడు. బట్టల బజార్‌లో మూడు దుకాణాలున్న మనిషి. మేడ పక్కనున్న ఖాళీ జాగా ఆయనదే. రెండూ కలిస్తే పెద్ద షాపింగ్ కాంప్లెక్సు కట్టాలని ఆయన కోరిక. మర్యాద ఎరిగినవాడు, గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. వస్తూ రెండు గ్లాసుల చాయ తెప్పించాడు.

"ఇంజనీర్ సాబ్, ఈ మేడకు మా తాత కూడ చందా ఇచ్చిండు. నాకు పగ ఏం లేదు. కాని ఎన్నొద్దులు ముసలిదాన్ని నిలవెడ్తం, చెప్పుండ్రి?"

"గోడలు గట్టిగనే ఉన్నయ్ సేటూ."

"ఉండనీయుండ్రి. కొలత సరిపోతదా?"

రాంచందర్ చాయ గ్లాసు అందుకున్నాడు.

"సరిపోదు. నేను మిమ్ములను అబద్ధం రాయమంటలేను. రూల్ ప్రకారం రాయుండ్రి అంటున్న. గదులను ఖాళీగున్నప్పుడే కొలుస్తరు. జనాన్ని నింపి ఎవడన్న కొలుస్తడా?" సేటు చాయ ఊదుకుని తాగాడు. "మీ పిల్లలు నిజామాబాద్‌ల ఉంటరట కదా. మొన్న మీ ఆఫీసుల అన్నరు. పాపం, తల్లి లేదు. తండ్రి ఉండి గూడ లేనట్టే అయితున్నది. పైన నాకు తెలిసినోళ్ళున్నరు. నిజామాబాద్‌కే వేయిస్త. అక్కడనే ఉంచుమని చెప్త. పిల్లలు పెద్దగయ్యేదాక మిమ్ముల కదపరు."

రాంచందర్ చేతిలో గ్లాసు వేడిగా ఉంది. కింద పెట్టలేకపోయాడు.

"ఉన్నది ఉన్నట్టు రాయుండ్రి, అంతే. పాపం లేదు, పుణ్యమే" అని సేటు లేచాడు.

నిజమే. అబద్ధం చెప్పమని అడిగితే కాదనడం అతనికి తేలిక. జీవితంలో ఒక్క తప్పు కొలత రాసినవాడు కాదు. కానీ సేటు అడిగింది నిజమే. ఖాళీ హాలు కొలత, రెండుసార్లు కొలిచిన కొలత, అది రాసి సంతకం పెడితే ఎవరూ వేలెత్తి చూపరు. చేతులకు మట్టి కూడా అంటదు. పిల్లోడు తలుపు తీస్తే ఎదురుగా రోజూ తనే ఉంటాడు.

శివనగర్‌లో అతనిది ఒక్క గది అద్దె. ఆ సాయంత్రం గది మధ్యలో పరిచిన చాప మీద కూర్చుని రిపోర్టు రాయబోయాడు. ఖాళీ చాపను చూస్తుంటే ములుగులో ఉన్నప్పటి నవారు మంచం యాదికొచ్చింది. ఇంట్లో అదొక్కటే మంచం. గోడవైపు భార్య, పక్కన స్వరూప, భార్య రొమ్ము మీద పిల్లోడు. పని నుంచి ఆలస్యంగా వచ్చి, ఇంక చోటెక్కడిదని అతను నిలబడితే, కండ్లు తెరవకుండానే భార్య అనేది: "బిడ్డా, జర జరుగు. బాపు వచ్చిండు." ఎటు జరిగేవారో, ఎట్లా జరిగేవారో, అతనికి కూడా చోటయ్యేది. ఆ మంచాన్ని ఒకసారి కొలిచాడు కూడా, చేతిలో టేపు ఉంటే ఊరుకునే మనిషి కాదు గనుక. ఒక్క మనిషికి సరిపోయే మంచం. ఖాళీగా కొలిస్తే.

రాంచందర్ కలానికి మూత పెట్టాడు. ఇంకోసారి బిగించాడు.

పొద్దున్నే సైకిలు తీసుకుని కొత్తవాడ పోయాడు. గల్లీల్లో రంగు నూలు ఆరేసి ఉంది. ఇంటింటా దరువు వేసినట్టు మగ్గం చప్పుడు. నేతగాళ్ళకు పెద్దదిక్కైన సారయ్య మగ్గం గుంటలో కూర్చునే మాట్లాడాడు. గదంతా మగ్గమే. ఆయన భార్య యాదవ్వ మూలకు ఒదిగి కండెలు చుడుతున్నది.

"కూసోమనడానికి జాగ లేదు సారూ, ఏమనుకోకు. మా ఇండ్లల్ల మగ్గం పండుకుంటది, మేం కూసుంటం."

"జంపఖానా మేడ సంగతి మాట్లాడుదామని వచ్చిన."

"కూలగొడ్తాండ్లట గదా."

"ఇంక రాయలేదు. మీరు వచ్చి కూర్చుంటే కొలిచి రాస్త."

మగ్గం ఆగింది. సారయ్య కండ్లద్దాలు నుదుటి మీదికి జరుపుకుని చూశాడు. "మేం కూసుంటె కొలుస్తవా? గదిని కొలుస్తవా, మమ్ముల కొలుస్తవా?"

"రెండింటిని కలిపి."

"గట్ల ఎన్నడు ఎవ్వలు కొల్వలె."

"ఎన్నడు కొల్వలేదని తప్పు కాదు కదా. అది జనం కూర్చునే భవనం. జనం లేంది కొలిస్తే అది గోదాం కొలత అయితది."

యాదవ్వ కండె పక్కన పెట్టింది. "మొన్న వానకాలం మా చిన్నదాని పెండ్లి ఈ గల్లీల టార్పాలిన్ పట్టాలు కట్టి చేసినం సారూ. పట్టా మీది నీళ్ళు పీటల మీద పడ్డయ్. పెండ్లికొడుకు జ్వరమొచ్చి దవాఖానల పడ్డడు. ఆ మేడ తెరిసి ఉంటే మాకు గా గతి ఎందుకు?" ఆమె మొగుని వైపు తిరిగింది. "ఇంకేం ఆలోచిస్తవ్? ఎల్లుండి అమాస. ఎట్లయిన మగ్గాలు బంద్. పోదాం."

"పోతే, ఆ జాగ మీద కన్నేసిన సాంబమూర్తి సేటు మన మాల్ కొనడేమో."

"కొనకుంటే పరుచుకొని మనమే కూసుందాం. మస్తు మెత్తగుంటయ్."

గది బయట నిలబడి వింటున్నవాళ్ళు నవ్వారు. సారయ్య కూడా నవ్వాడు, కానీ జర ఆలస్యంగా.

అమావాస్య నాడు పొద్దున, బట్టల బజార్ తలుపులు తీసే వేళకు, కొత్తవాడ జనం జంపఖానాలు భుజాల మీద వేసుకుని వరుసగా వచ్చారు. ముసలివాళ్ళు, చంకన పిల్లలున్న ఆడవాళ్ళు, టిఫిన్ గిన్నెలు. సేట్లు గల్లాపెట్టెల దగ్గర్నుంచి మెడలు చాపి చూశారు. మొగిలమ్మ తెల్లవారకముందే వచ్చి దీపాల కడ్డీలు బయటికి మోయించి, హాలంతా కడిగి పెట్టింది.

రాంచందర్ తలుపు దగ్గర టేపు పట్టుకుని నిలబడ్డాడు. ఐదేండ్లు ఉలుకూ పలుకూ లేకుండా ఉన్న గోడ. జరగడం మరిచిపోయి ఉంటే?

మొదటి వంద మంది మామూలుగానే కూర్చున్నారు. తరువాత వచ్చినవాళ్ళు నిలబడ్డారు. మోకాళ్ళు మోకాళ్ళకు తగిలాయి. ఒక పిల్ల ఏడుపు ఎత్తుకుంది. ఆ మాట అనడానికి ఎవరూ ముందుకు రాలేదు, గోడ ఇంకా వింటుందా అని అందరికీ ఒకటే అనుమానం.

యాదవ్వే అంది, గట్టిగా, బస్సులో అన్నట్టు: "ఏందుల్లా, బొమ్మల్లెక్క కూసున్నరు? జర జరుగుండ్రి!"

కాసేపు ఏమీ కాలేదు. తరువాత పైన పెంకలు కిరకిరమన్నాయి. గోడ సణిగింది. సున్నం పొడి రాలింది. జరిగింది. అతికించిన కాగితం పట్టీల్లో ఒక్కటీ చినగలేదు.

"ముసలిదానికి యాదున్నది" అంది మొగిలమ్మ, ముక్కు తుడుచుకుంటూ.

జనం వస్తూనే ఉన్నారు. కొత్తవాడ అయిపోయింది, బజారులో హమాలీలు వచ్చారు, ఏం జరుగుతుందో చూద్దామని వచ్చిన గుమాస్తాలు కూడా కూర్చున్నారు. "జర జరుగు", "నువ్వు జరుగు", "నీ గంప జరుపు". జరిగినకొద్దీ రాంచందర్ కొలుస్తున్నాడు. టేపు మొదటి కొస సారయ్య చేతిలో, రెండోది తన చేతిలో. ఒక్కో కొలతా రెండుసార్లు.

అప్పుడు సాంబమూర్తి సేటు వచ్చాడు. గడప నిండా చెప్పులు, చెప్పుల వెనుక జనం. లోపలికి చూశాడు, ఇంజనీరు దూరంగా అటు గోడ దగ్గర ఉన్నాడు. అతన్ని ఆపాలి. తొందరలో ఉన్న మనిషి. నలభై ఏండ్లుగా సినిమా టాకీసులో, రైలు పెట్టెలో, గుడిలో, బంధువుల ఇంటి బంతిలో నోటికి అలవాటైన మాట. పంచె కొంగు చేత్తో పట్టుకుని, పక్కకు తిరిగి లోపలికి దూరబోతూ అనేశాడు.

"జర జరుగుండ్రి."

అన్నాక తెలిసింది ఏమన్నాడో. నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు.

అంతకుముందు గోడ ఎవరి మాటనూ అంత మర్యాదగా వినలేదు. నిండా ఒక అంకణం, రెండు దూలాల మధ్య ఎడమంత, జరిగింది. రాంచందర్ చేతిలోని టేపు బర్రున సాగింది. సేటు ముందు మనిషి నడిచేంత తోవ పడింది.

వెనుక నుంచి ఎవరో అన్నారు: "సేటు చెప్తెనే బాగ జరుగుతాంది!" నవ్వులకు దూలాల మీది పావురాలు లేచిపోయాయి. యాదవ్వ పైట నోట్లో కుక్కుకుంది. సేటు కూడా ఏం చేయాలో తోచక, తనకు తెరిచిన తోవలో నడిచి రాంచందర్ దగ్గరికి వచ్చాడు.

"ఇది రూల్ కాదు" అన్నాడు మెల్లగా.

"మీరే చెప్పిండ్రు కదా సేటూ, ఉన్నది ఉన్నట్టు రాయుమని" అన్నాడు రాంచందర్. "ఇప్పుడు ఉన్నది ఇదే."

"పిల్లల సంగతి?"

రాంచందర్ టేపు వైపు చూశాడు. "పిల్లలకు చెప్పుకునేటట్టు రాస్తాన."

ఆ రోజే అక్కడే కింద కూర్చుని రాశాడు. చెదలు పట్టిన రెండు దూలాలు మార్చాలి. డొల్ల సున్నం తీసి కొత్తది పెట్టాలి. పెంకలు వేయాలి, మరుగుదొడ్లు కట్టాలి. ఖాళీగా ఉన్నప్పుడు హాలు కొలత ఇంత. జనం ఉన్నప్పుడు ఎంతమంది వస్తే అంత. భవనం జనం కోసమే గనుక రెండవదే అసలు కొలత. పనికివస్తుంది.

సేటు గొంతు పెంచలేదు, బెదిరించలేదు. పోతూ పోతూ, "మీ పిల్లలకు నా ఆశీర్వాదం చెప్పుండ్రి" అన్నాడు. అంతే.

ఎండలు ముదిరే వేళకు మేడకు మంజూరు వచ్చింది. దాని వెనకనే రాంచందర్‌కు ట్రాన్స్‌ఫర్ కూడా వచ్చింది. నిజామాబాద్‌కు కాదు. ఆదిలాబాద్ అడవుల్లో, బస్సు దిగి ఇంకా నడవాల్సిన ఊరికి. అతను పోస్టాఫీసుకు పోయి అక్క పక్కింటికి ట్రంక్ కాల్ చేశాడు. అక్క గొంతు విని, "ఇంకొన్నొద్దులు ఉంచుకో అక్కా" అని మాత్రం అనగలిగాడు. తరువాత స్వరూప ఫోన్ తీసుకుంది.

"బాపూ, ఆడ బడి ఉంటదా?"

"ఉండదు బిడ్డా."

"మరి ఎందుకు పోతున్నవ్?"

"ఒక గోడ సంగతి నిజం రాసిన. అందుకు."

"నిజం రాస్తే మా టీచర్ అయితే కొట్టదు" అంది స్వరూప.

వారం తిరగకముందే అతని చోటికి మల్లికార్జున్ అనే కుర్ర ఇంజనీరు వచ్చాడు. ఖమ్మం వైపు మనిషి. భార్య నిండు గర్భిణి. ఛార్జి అప్పగించడమంటే సామాను, పనులు, భవనాలు అన్నీ చూపించి, ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఇద్దరూ వేరువేరుగా కొలిచి, కొలతలు ఒక్కటైతే సంతకాలు పెట్టాలి. అన్నీ అయ్యాయి. జంపఖానా మేడ మిగిలింది.

ఖాళీ హాలు. పొద్దున రాంచందర్ కొలిచాడు. వెంటనే మల్లికార్జున్ కొలిచాడు. జానెడు ఎక్కువ వచ్చింది.

"మీ టేపు సాగిందేమో అన్నా."

ఒకే టేపుతో కొలిచారు. ఈసారి మూరెడు తక్కువ. ఇద్దరూ కలిసి చెరో కొస పట్టుకుని కొలిచారు. రాంచందర్ చదివితే ఒకటి, మల్లికార్జున్ వంగి చదివేలోపు ఇంకొకటి. సున్నం పొడి మాత్రం సన్నగా రాలుతున్నది. లోపల జనం లేరు, ఎవరూ నోరు తెరవలేదు. అడగకుండా ఆ గోడ జరగడం అదే మొదటిసారి.

ఎప్పుడూ తప్పు కొలత రాయని రాంచందర్‌కు ఇది సహించలేదు. మరునాడు ఒక్కడే వచ్చి గోడ మీద చేయి వేసి, "జర ఆగు. నా కొలత చెడగొట్టకు. ఆర్డరు వచ్చింది, పోవాలె" అని బతిమాలాడు.

అరుగు ఊడుస్తున్న మొగిలమ్మ లోపలికి తొంగి చూసింది. "ఏందది సారూ, గోడను బతిమాలుతానవ్? అందరికి జరిగినదానికి నీ కోసం జర జరిగే హక్కు లేదా? ఊకో."

ఆ రోజు కొలత ముప్పావు గజం తేడా వచ్చింది.

మల్లికార్జున్ ఆఫీసుకు రాశాడు. ఆఫీసు నుంచి పెద్దగుమాస్తా వచ్చి కొలిచాడు. ఆయనకు మూడో కొలత వచ్చింది. "రెండు కొలతలు ఒక్కటయ్యేదాకా రిలీవ్ చేయడానికి వీల్లేదు" అని రూల్ చదివి, చాయ తాగి వెళ్ళిపోయాడు. ఇంకో వారం చూసి మల్లికార్జున్, "అన్నా, నా భార్యకు నొప్పులొచ్చే వేళయింది. ఆ గోడ మాట వినేటట్టు లేదు, నేను పోతా" అని ఖమ్మం పోయి అక్కడే ఒక ఖాళీలో చేరిపోయాడు. తరువాత ఇంకొకరు వచ్చారు. వాళ్ళకూ కుదరలేదు. సేటు పైన తెలిసినవాళ్ళకు చెప్పించాడు. వాళ్ళు ఆ రూల్ చదివి, అది తాము రాసిందేనని గుర్తుచేసుకుని ఊరుకున్నారు.

అట్లా రాంచందర్ ట్రాన్స్‌ఫర్ అయిన మనిషిగానే వరంగల్లో ఉండిపోయాడు. ఆర్డరు అట్లాగే ఉంది. ఏడాదికోసారి గోడను కొలిచేవారు. ఏడాదికోసారి కుదిరేది కాదు.

ఆ జూన్‌లోనే, బడులు తెరిచే ముందు, అక్క పిల్లలను తీసుకుని వచ్చింది. నాలుగు రోజులుండి, కాచిన నీళ్ళ సీసాలు చూసి నవ్వి, చివరి రోజు ఏడ్చి వెళ్ళింది. స్వరూప వచ్చిన రోజే గది అంతా తనదే అన్నట్టు సర్దింది. పిల్లోడు మాత్రం తండ్రితో నేరుగా మాట్లాడలేదు. ఏం కావాలన్నా స్వరూప చెవిలో, "ఆయన్ను అడుగు" అనేవాడు.

ఆ ఆదివారం జంపఖానా మేడలో కొత్త పెంకల కింద మొదటి పెండ్లి. అది సారయ్య తమ్ముని కొడుకుది. ముగ్గురూ పోయారు. పిల్లోడు యాదవ్వ పక్కన బంతిలో కూర్చుని, అరిసెలు తిని, మనుషులు ఎక్కువైతే ఏమంటున్నారో, అంటే ఏమవుతుందో కండ్లు పెద్దవి చేసుకుని చూశాడు. ఏమీ అడగలేదు.

మధ్యాహ్నం ఎండలో ఇంటికి వచ్చారు. అలసి, రాంచందర్ చాప మీద వాలాడు. మూడేండ్ల అలవాటు కొద్దీ నడిమధ్య పడుకున్నాడు. స్వరూప ఒక పక్క ఒదిగి నిద్రపోయింది. పిల్లోడు తలకింది మెత్త పట్టుకుని చాప కొస దగ్గర నిలబడ్డాడు. అటు గోడ, ఇటు తండ్రి. కాసేపు చోటు వెతికాడు. తరువాత కాలి బొటనవేలితో తండ్రి భుజాన్ని పొడిచాడు.

"బాపూ, జర జరుగు."

రాంచందర్ కండ్లు తెరవలేదు. చోటయింది. పిల్లోడు వచ్చి పక్కన పడుకుని, తన కాలు అతని పొట్ట మీద వేశాడు. జరిగింది తనా, అవతలి గోడనా అని రాంచందర్ చూడలేదు. మెడ మీద సున్నం పొడి లాంటిదేదో రాలింది. టేపు గూట్లోనే ఉంది. కొలవలేదు.